క్రాటమ్ పొడితో నొప్పి తగ్గింది, మాత్రలు మానేశాడు. ఇక డాక్టర్ అవసరం లేదా?

అమ్మా, మీ ఉత్తరంలో నాకు అర్థమైనది ముందు చెబుతాను. తేడా ఉంటే సరిదిద్దండి. మీ తమ్ముడు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కారు ప్రమాదంలో నడుము దెబ్బతిని శస్త్రచికిత్స జరిగింది. నొప్పికి ఆక్సికోడోన్ మాత్రలు నెలల తరబడి వాడాడు. తర్వాత డాక్టర్ ఉన్నట్టుండి ఆ మందు రాయడం ఆపేశారు. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర లేని రాత్రులు చుట్టుముట్టిన సమయంలో ఒక స్నేహితుడు స్మోక్ షాపులో (పొగాకు సరుకులు అమ్మే దుకాణంలో) దొరికే క్రాటమ్ అనే ఆకు పొడి తెచ్చి ఇచ్చాడు. ఏడాదిగా అదే వాడుతున్నాడు. ఆక్సికోడోన్ మళ్లీ ముట్టలేదు. ఈమధ్య పొడి చాలడం లేదని అదే షాపులో చిన్న మాత్రలు కూడా కొంటున్నాడు. ఆకు మందే కదా, ప్రమాదమేమిటి. తనంతట తాను మానగలడా. డాక్టర్ దగ్గరికి వెళితే వీసాకు ఇబ్బందా. విజయవాడ పిలిపించి ఇక్కడే చూపించమంటారా అని మీరు అడిగారు.

నేను అమెరికాలో నొప్పికీ, మత్తు మందుల వ్యసనానికీ చికిత్స చేసే వైద్యుణ్ణి. చాలా ఏళ్లుగా ఇదే పని. మీ తమ్ముడి లాంటి వాళ్లు నా దగ్గరికి తరచుగా వస్తారు, వారిలో మనవాళ్లూ ఉంటారు.

మీ తమ్ముణ్ణి దయచేసి తిట్టకండి. అతను చేసింది సరదా కోసం కాదు. మందు ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి ఏ స్థితికి వస్తాడో చూసినవాళ్లకు అతని పరిస్థితి అర్థమవుతుంది. ఆవులింతలు ఆగవు. ముక్కు, కళ్లు కారుతూనే ఉంటాయి. చలి వేస్తున్నట్టు రోమాలు నిక్కబొడుచుకుంటాయి, మరుక్షణమే చెమటలు పడతాయి. పడుకుంటే కాళ్లు ఒక చోట నిలవవు. ఆక్సికోడోన్ లాంటి మందు ఆగిన ఒక రోజులోపే ఇది మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమవుతుంది. వారం పది రోజులకు శరీరం కాస్త కుదుటపడినా నిద్ర, మనసు కుదుటపడడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. 2016లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఓపియాయిడ్ మందులు (ఆక్సికోడోన్, మార్ఫిన్ లాంటి నల్లమందు తరహా నొప్పి మందులు) తగ్గించి రాయమని మార్గదర్శకాలు ఇచ్చాక, చాలామంది డాక్టర్లు వాటిని అవసరానికి మించి కఠినంగా పాటించి రోగులకు ఒక్కసారిగా మందు ఆపేశారు. అలా ఆపవద్దని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. సీడీసీ కూడా 2022లో తన మార్గదర్శకాలను సవరించింది. అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. మీ తమ్ముడు క్రాటమ్ వైపు వెళ్లడానికి సగం కారణం వైద్యమే అని నా అభిప్రాయం.

ఇక ఆ ఆకు సంగతి. క్రాటమ్ థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా అడవుల్లో పెరిగే చెట్టు. కాఫీ, మన కదంబం చేరిన కుటుంబంలోదే. దక్షిణ థాయిలాండ్‌లోనూ, మలేషియా ఉత్తర భాగంలోని కెడా, పెర్లిస్ ప్రాంతాల్లోనూ కూలీలు, రైతులు ఎండలో అలసట తెలియకుండా ఉండాలని పచ్చి ఆకు నమిలేవారు. మలేషియాలో దీన్ని కెటుమ్ అంటారు, ఆకులు మరిగించి ఆ కషాయం తాగుతారు. నల్లమందు అలవాటున్నవాళ్లు అది దొరకనప్పుడు ఈ ఆకుతో సరిపెట్టుకున్నారని 19వ శతాబ్దపు రాతల్లోనే ఉంది. అంటే మీ తమ్ముడి స్నేహితుడు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. థాయిలాండ్ 1943లో ఈ చెట్టును నిషేధించి, 2021 ఆగస్టులో మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. అమెరికాలో 2016 ఆగస్టులో మాదకద్రవ్య నియంత్రణ విభాగం దీన్ని అత్యంత కఠినమైన జాబితాలో చేర్చబోతున్నామని ప్రకటించింది. వాడేవాళ్ల నుంచి పెద్ద ఎత్తున నిరసన రావడంతో అక్టోబరులో వెనక్కి తగ్గింది. అప్పటి నుంచి ఫెడరల్ స్థాయిలో నిషేధమూ లేదు, మందుగా ఆమోదమూ లేదు. అలబామా, ఆర్కన్సా, ఇండియానా, విస్కాన్సిన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ఇది కలిగి ఉండడమే నేరం. మీ తమ్ముడు ఆ వైపు ప్రయాణాలు చేస్తుంటే ఈ సంగతి అతనికి తెలియాలి.

ఆకులో ముఖ్యమైన పదార్థం మిట్రాగైనిన్. కడుపులోకి వెళ్లాక కాలేయం దానిలో కొంత భాగాన్ని 7-హైడ్రాక్సీమిట్రాగైనిన్‌గా మారుస్తుంది. దుకాణాల్లో దీన్నే 7-ఓహెచ్ అంటారు. మెదడులో, వెన్నుపాములో మార్ఫిన్, ఆక్సికోడోన్ ఏ గ్రాహకాల (మందు అతుక్కుని పనిచేసే చోట్ల) మీద పనిచేస్తాయో ఇవి రెండూ అక్కడే పనిచేస్తాయి, కాకపోతే పూర్తి స్థాయిలో కాకుండా పాక్షికంగా. ఆకు కాబట్టి సురక్షితం అన్న మాట ఇక్కడ చెల్లదు. మార్ఫిన్ కూడా గసగసాల మొక్క నుంచి వచ్చినదే. మీ తమ్ముడికి నొప్పి తగ్గింది, విత్‌డ్రాయల్ బాధ, అంటే మందు ఆగినప్పుడు వచ్చే బాధ, ఆగింది అంటే ఒక ఓపియాయిడ్ స్థానంలోకి ఓపియాయిడ్ లాగా పనిచేసే ఇంకొకటి వచ్చిందని అర్థం. అతని శరీరం ఓపియాయిడ్ నుంచి ఇంకా బయటపడలేదు.

అలాగని క్రాటమ్ పనిచేస్తుందన్నది ఉత్త మాట అని నేను అనను. మలేషియాలోని పెనాంగ్ శాస్త్రవేత్తలు రోజూ కషాయం తాగే 26 మంది పురుషుల మీద చేసిన పరీక్ష 2020లో ప్రచురితమైంది. చేయి మంచునీళ్లలో పెట్టి ఎంతసేపు ఓర్చుకోగలరో చూశారు. కషాయం తాగక ముందు సగటున 11 సెకన్లు, తాగిన గంటకు దాదాపు 25 సెకన్లు ఓర్చుకున్నారు. అదే ఏడాది జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు అమెరికాలో 2,798 మంది వాడకందారుల సర్వే ప్రచురించారు. 91 శాతం మంది నొప్పికి వాడుతున్నామన్నారు. 41 శాతం మంది ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ కోసమన్నారు, వాళ్లలో 35 శాతం మంది ఏడాదికి పైగా ఇతర ఓపియాయిడ్ల జోలికి పోలేదని చెప్పారు. ఇలాంటి ఆన్‌లైన్ సర్వేలకు మేలు జరిగినవాళ్లే ఎక్కువగా జవాబిస్తారు, చెడిపోయినవాళ్లు లెక్కలోకి రారు. అయినా ఆ అంకెలను కొట్టిపారేయడం అన్యాయం. మీ తమ్ముడు ఆక్సికోడోన్ దొరకక వీధుల్లో అమ్మే నకిలీ మాత్రలు కొనుక్కొని ఉంటే, వాటిలో ఉండే ఫెంటనిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ వల్ల ఈపాటికి ప్రాణాలతో ఉండేవాడో లేదో. ఆ ఒక్క విషయంలో క్రాటమ్ అతనికి మేలే చేసింది.

నన్ను కలవరపెడుతున్నది మీరు చివర్లో రాసిన ఒక్క వాక్యం. చిన్న మాత్రలు మొదలుపెట్టాడని అన్నారు.

ఆ షాపుల్లో ఏం అమ్ముతారో దగ్గరగా చూస్తే మీకు తేడా తెలుస్తుంది. పొడి ప్యాకెట్ విప్పితే మన గోరింటాకు పొడిలా ముదురు ఆకుపచ్చగా, విపరీతమైన చేదుగా ఉంటుంది. నాలుక మీద వేసుకుని నారింజ రసంతో మింగుతారు. ప్యాకెట్ మీద రెడ్ బాలి, గ్రీన్ మలయ్, మెంగ్ డా అని రకరకాల పేర్లు ఉంటాయి. అవన్నీ వ్యాపారులు పెట్టుకున్న పేర్లే, లోపల ఎంత మిట్రాగైనిన్ ఉందో ఆ పేరు చెప్పదు. ఎండిన ఆకులో 7-ఓహెచ్ సహజంగా ఉండేది నామమాత్రం. కానీ కౌంటర్ మీద చిన్న డబ్బాల్లో పెట్టే ఆ మాత్రలు ప్రయోగశాలలో గాఢత పెంచి తయారుచేసిన 7-ఓహెచ్. ఆకుకూ వాటికీ పేరులోనే చుట్టరికం. 7-ఓహెచ్ మిట్రాగైనిన్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. అందుకే 2025 జులైలో ఎఫ్‌డీఏ ఆకును పక్కన పెట్టి, ఈ గాఢ 7-ఓహెచ్ సరుకును ప్రత్యేకంగా నియంత్రిత జాబితాలో చేర్చాలని సిఫార్సు చేసింది. పొడి నుంచి మాత్రలకు మారాడంటే మోతాదు చాలకపోవడం మొదలైందన్నమాట. అదే ఆక్సికోడోన్‌తోనూ జరిగి ఉంటుంది.

గ్యాస్ స్టేషన్లలో, స్మోక్ షాపుల్లో కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ పనిచేసే తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఇది ఎవరైనా చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. నొప్పికి ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఈ మాత్రలు చూపించకండి. పక్కనే టియానెప్టిన్ అనే, ఓపియాయిడ్ లాగా పనిచేసే ఇంకో పదార్థం ఉన్న సీసాలు కూడా ఉంటాయి, వాటి గురించీ నా మాట ఇదే.

కల్తీ మరో బెడద. 2018లో క్రాటమ్ సరుకులోని సాల్మొనెల్లా బ్యాక్టీరియా వల్ల 41 రాష్ట్రాల్లో 199 మంది జబ్బుపడ్డారు. సీసం, నికెల్ ఎక్కువగా ఉన్న సరుకునూ ఎఫ్‌డీఏ పరీక్షల్లో పట్టుకుంది. కొంతమందికి, సాధారణంగా వాడడం మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో, కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి. మీ తమ్ముడికి ఏడాది గడిచింది కాబట్టి ఆకు వల్ల ఆ భయం కొంత తక్కువే. కొత్త మాత్రలతో మాత్రం మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి.

మరణాల గురించి ఇంటర్నెట్‌లో రెండు రకాల అతిశయోక్తులూ చదివి ఉంటారు. సీడీసీ 2016 జులై నుంచి 2017 డిసెంబరు వరకు జరిగిన 27,338 ఓవర్‌డోస్ మరణాలను పరిశీలించింది. 152 మందిలో క్రాటమ్ కనిపించింది, 91 మందిలో అది మరణానికి కారణాల్లో ఒకటని తేల్చారు. క్రాటమ్ తప్ప వేరే ఏ పదార్థమూ దొరకనివాళ్లు 7 మంది. మిగతావాళ్లలో ఎక్కువమంది ఒంట్లో ఫెంటనిల్ ఉంది. ఈ లెక్కలు గాఢ 7-ఓహెచ్ మాత్రలు మార్కెట్‌ను ముంచెత్తక ముందువి, కాబట్టి వాటి విషయంలో ఇవి ధైర్యం ఇవ్వవు. ఆకు విషయంలో మాత్రం అసలు ప్రమాదం కలగాపులగంగా వాడడంలో ఉందని ఈ అంకెలు స్పష్టంగా చెబుతున్నాయి. మద్యం, నిద్రమాత్రలు, ఆల్‌ప్రాజొలామ్ లాంటి ఆందోళన మందులు, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ వీటితో కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఇక్కడ మిమ్మల్ని నేరుగా ఒక ప్రశ్న అడగాలి. మీరు గానీ, మీ అమ్మగారు గానీ అతనికి ఇండియా నుంచి నొప్పి మాత్రలు పంపుతున్నారా? సూట్‌కేసులో మందుల మూట లేకుండా మనవాళ్లు అమెరికా విమానం ఎక్కరు. వాటిలో పారాసిటమాల్‌తో కలిపిన ట్రమడాల్ చాలాసార్లు కనిపిస్తుంది. ట్రమడాల్ కూడా ఓపియాయిడే. అమెరికాలో 2014 నుంచి, మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి అది నియంత్రిత మందు. క్రాటమ్‌తో కలిపితే మూర్ఛ వచ్చే అవకాశం పెరుగుతుంది. స్వీడన్‌లో క్రిప్టాన్ అనే పేరుతో అమ్మిన క్రాటమ్ పొడిలో ట్రమడాల్ నుంచి పుట్టే ఒక పదార్థాన్ని కలిపారు, అది వాడిన 9 మంది చనిపోయారు. ట్రమడాల్, టాపెంటడాల్ పేర్లున్న ఏ మాత్రా పంపకండి. ఇప్పటికే అతని దగ్గర ఉంటే వేసుకోవద్దని ఇవాళే చెప్పండి.

తనంతట తాను మానగలడా అన్నారు. కొందరు మానగలరు. కానీ ఏడాదిగా రోజూ వాడి, గాఢ మాత్రలకు మారిన మనిషి ఒక్కసారిగా ఆపితే మొదట ఆక్సికోడోన్ మానినప్పుడు పడిన బాధే మళ్లీ వస్తుంది. పైగా ఆ నడుం నొప్పి ఎక్కడికీ పోలేదు. నొప్పి, విత్‌డ్రాయల్ రెండూ ఒకేసారి మీద పడితే మనిషి చేతికి అందినది వేసుకుంటాడు. కొద్ది రోజులు మానేసినవాడికి శరీరపు ఓర్పు తగ్గిపోయి ఉంటుంది, పాత మోతాదే ప్రాణం తీయవచ్చు. అందువల్ల పట్టుదల పరీక్షగా దీన్ని చూడవద్దు. ఇది వైద్యం కావలసిన స్థితి.

ఆ వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది. దాని పేరు బ్యూప్రెనార్ఫిన్. ఇదీ అదే గ్రాహకాల మీద పాక్షికంగా పనిచేసే మందు, మోతాదు పెంచినా ఊపిరి మీద దాని ప్రభావం ఒక స్థాయి దాటదు. మోతాదు తెలిసిన, కల్తీ లేని, ఏళ్ల తరబడి పరిశోధన ఉన్న మందు. 2022 చివర్లో వచ్చిన చట్టంతో దీన్ని రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి అవసరం పోయింది, ఇప్పుడు మామూలు కుటుంబ వైద్యులూ రాయవచ్చు. మీ తమ్ముడికి ఇది ఇంకో రకంగా సరిపోతుంది. విత్‌డ్రాయల్ కోసమైతే రోజుకు ఒకసారి చాలు. అదే మోతాదును మూడు నాలుగు భాగాలు చేసి ఇస్తే నొప్పికీ పనిచేస్తుంది, ఎందుకంటే నొప్పి మీద దాని ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలే ఉంటుంది. ఈ సంగతి అందరు డాక్టర్లూ గుర్తుపెట్టుకోరు, అతను అడగాలి.

మొదలుపెట్టే రోజు ఎలా ఉంటుందో చెబితే అతని భయం కొంత తగ్గుతుంది. క్రాటమ్ ఆపి కొన్ని గంటలు గడిచాక, విత్‌డ్రాయల్ కాస్త మొదలయ్యాకే మొదటి మోతాదు ఇస్తారు. తొందరపడి ముందే వేసుకుంటే ఒక్కసారిగా తీవ్రమైన విత్‌డ్రాయల్ వస్తుంది, అందుకే ఇంట్లో సొంతంగా ప్రయత్నించకూడదు. నాడి, కంటిపాప, చెమట, ఆవులింతలు, రోమాలు ఇలా 11 అంశాలు చూసి అంకె వేస్తాం. ఆ అంకె తగిన స్థాయికి వచ్చాక మందును నాలుక కింద పెట్టుకోమంటాం. చేదుగా ఉంటుంది. కరిగే వరకు ఐదు పది నిమిషాలు మాట్లాడకూడదు, మింగకూడదు. కరిగాక నోరు నీళ్లతో పుక్కిలించాలి, గంట వరకు పళ్లు తోముకోకూడదు, లేకపోతే పళ్లు పాడవుతాయి. చాలామందికి గంట గడవక ముందే ముఖంలో తేడా కనిపిస్తుంది. ఆ మార్పు చూసిన ప్రతిసారీ, ఈ మనిషి ఇన్ని నెలలు ఒంటరిగా ఎందుకు పోరాడాల్సి వచ్చిందని నాకు బాధ కలుగుతుంది.

బ్యూప్రెనార్ఫిన్ వద్దనుకుంటే డాక్టర్ పర్యవేక్షణలో క్రాటమ్‌నే వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, క్లోనిడిన్, లోఫెక్సిడిన్ లాంటి మందులతో బాధ తగ్గించే మార్గం ఉంది. గాఢ మాత్రల మీద ఉన్నవాళ్లకు అది కష్టమని నా అనుభవం. ఏ దారి పట్టినా ఫిజియోథెరపీ, డ్యులోక్సెటిన్ లాంటి నొప్పి మందులు తోడుగా కావాలి. నడుముకు చికిత్స లేకుండా అలవాటుకు మాత్రమే చికిత్స చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

వీసా భయం మనవాళ్లలో ఎంత లోతుగా ఉంటుందో నాకు తెలుసు. వైద్య రికార్డులను రోగి అనుమతి లేకుండా యజమానికి ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం ఉంది. వ్యసన చికిత్స రికార్డులకు దానికి తోడు మరింత కఠినమైన రక్షణ ఉంది. అతను మొదట వాడినది డాక్టర్ రాసిన మందు, తర్వాత వాడినది ఫెడరల్ నిషేధం లేని పదార్థం. గ్రీన్ కార్డు వైద్య పరీక్ష లాంటివి దగ్గర్లో ఉంటే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని విడిగా సంప్రదించమనండి. ఆ భయంతో చికిత్స వాయిదా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇండియాకు ఇప్పుడే పిలిపించకండి. క్రాటమ్ ఆపి ఇరవై గంటలకు పైగా విమానాల్లో కూర్చోవడమంటే విత్‌డ్రాయల్ నడుమ ప్రయాణం. అమెరికాలోనే చికిత్స మొదలై కుదురుకున్నాక రావచ్చు. ఎప్పుడైనా ఇండియాలోనే ఉండాల్సి వస్తే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. వారం రోజుల్లో పూర్తిగా మాన్పిస్తామని ప్రకటనలిచ్చే ప్రైవేటు కేంద్రాల్లో, గదిలో పెట్టి తాళం వేసే చోట్లకు మాత్రం పంపకండి. ఆయుర్వేద కషాయాల గురించి అడిగారు. కాలేయం పరీక్షలు చూడకుండా ఒక మూలికకు మరో మూలిక జోడించవద్దు.

ఒకవేళ డాక్టర్ దగ్గరికి వెళ్లనని మొండికేస్తే, కనీసం ఇవి ఒప్పించండి. 7-ఓహెచ్ మాత్రల జోలికి పోకూడదు. అవి ఆపితే విత్‌డ్రాయల్ వస్తుంది, కాబట్టి దానికైనా ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడాలి. అమెరికాలో వీడియో ద్వారా ఈ చికిత్స చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మద్యం, నిద్రమాత్రలు కలపకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు మోతాదు పెంచకూడదు. ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ ముక్కు స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలి, 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. అతని రూమ్మేట్‌కు దాన్ని ఎలా వాడాలో తెలిసి ఉండాలి. ఎంత పిలిచినా లేవకపోయినా, ఊపిరి చాలా నెమ్మదించినా, పెదవులు నీలంగా మారినా స్ప్రే కొట్టి 911కు ఫోన్ చేయాలి. మూర్ఛ వచ్చినా అంతే.

అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు ఖాళీ ప్యాకెట్లు, మాత్రల డబ్బాలు పారేయకుండా తీసుకెళ్లమనండి. రోజుకు ఎంత, ఎన్నిసార్లు వాడుతున్నాడో నిజం చెప్పాలి. మామూలు మూత్ర పరీక్షలో క్రాటమ్ కనిపించదు, అతను చెబితేనే డాక్టర్‌కు తెలుస్తుంది. కాలేయం పరీక్ష చేయించమని అడగాలి. ఈ రాత్రి మీరు ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు కనుక్కోండి: మూత్రం ముదురు రంగులో వస్తోందా, ఒంట్లో దురద ఉందా, కళ్లు పచ్చబడ్డాయా. వీటిలో ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే ఆసుపత్రికి వెళ్లమనండి.